చూపించక్క పుస్తకంలో ఒక టిక్కు

మా పనిచోట స్టోరు నాది. ఇరవై రెండేళ్లుగా నాదే. స్క్రూ నుంచి స్క్రీన్ దాకా ఏది లోపలికి వచ్చినా, ఏది బయటికి వెళ్లినా నా సగం తలుపు బల్ల మీదుగానే పోవాలి. నాకు సర్దుడు పిచ్చి ఉందని మా ఆవిడ అంటుంది. ఉంది, కాదనను. ఒకే నంబరున్న సరుకు రెండు డబ్బాల్లో కనబడితే నాకు అన్నం సహించదు. ఇప్పుడు చెప్పబోయే దాంట్లో సగం పాపం ఆ పిచ్చిదే కాబట్టి ముందే ఒప్పేసుకుంటున్నాను. మిగతా సగం సంగతి దాని వంతు వచ్చినప్పుడు చెబుతాను.

మేం తయారుచేసేది వినికిడి పరీక్ష పెట్టె. బడి పిల్లల చెవులు సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో చూసే యంత్రం. హెడ్‌ఫోన్లు తగిలిస్తే చెవిలో సన్నగా ఒక కూత వస్తుంది. వినబడితే పిల్లలు చేతిలోని మీట నొక్కాలి. ఫలితం ఓ చిన్న కాగితం మీద అచ్చయి బయటికి వస్తుంది. కింద టైర్ల దుకాణం, పైన రెండంతస్తుల్లో మేము పద్దెనిమిది మందిమి. టైర్లు బిగించే చప్పుడు మధ్య కూర్చుని చెవులు పరీక్షించే యంత్రం చేస్తున్నామంటే వినేవాళ్లు నవ్వుతారు. మేం కూడా మొదట్లో నవ్వాం, తర్వాత కిటికీలకు రెండో అద్దం బిగించుకున్నాం.

ఆ పెట్టెలో ఒక చిన్న కంప్యూటరు ఉంటుంది. దానికి ప్రాణం పోసేది చూపించక్క.

ఆమె పేరు జీతాల కాగితం మీద తప్ప ఎక్కడా వినబడదు. స్టోరుకు ఏ కొత్త సరుకు వచ్చినా మొదటి మాట "ఒకసారి చూపించండి" అనే. అలా చూపించక్క అయిపోయింది. వయసులో నాకంటే ఎనిమిదేళ్లు చిన్నది. అయినా అందరితోపాటు నేనూ "అక్కా" అనే పిలుస్తాను, ఆమె నన్ను "అన్నయ్యా" అంటుంది. మా ఇద్దరిలో ఎవరు పెద్దో తేల్చడం బయటివాళ్ల వల్ల కాదు.

ఆమె చేసే పని ఏమిటో నాకు అర్థం కావడానికి మూడేళ్లు పట్టింది. అర్థమైనంత వరకు చెబుతాను. స్క్రీన్, మీట, ప్రింటరు, శబ్దం చేసే బోర్డు, వీటిలో ప్రతిదానితో ఎలా మాట్లాడాలో కంప్యూటరుకు నేర్పే చిన్న ప్రోగ్రాము ఒకటి ఉండాలట. దాన్ని డ్రైవరు అంటారు. ఈ డ్రైవర్లు ప్యాకేజీలుగా మూటగట్టి వస్తాయి. ఆమె ముందున్న కంప్యూటరులో వాటి జాబితా ఉంటుంది, వందల్లో. అందులో మా పెట్టెకు కావలసినవి ఏరి, అక్కర్లేనివి తీసేసి, అన్నిటినీ కలిపి మెమరీ కార్డు మీదికి ఎక్కిస్తే అదే మా పెట్టెకు ఆపరేటింగ్ సిస్టం. ఒక ప్యాకేజీ తీస్తే దాన్ని నమ్ముకున్న ఇంకో రెండు కూలిపోతాయి. ఒకటి పెడితే పిలవకుండా నలుగురు చుట్టాలు వెంట వస్తారు.

"అన్నీ పెట్టేస్తే పోలా? ఈ ఏరుకోవడం ఎందుకు?" అని ఒకసారి అడిగాను.

"ఇల్లు చిన్నది అన్నయ్యా," అంది. "ఊరంతా వచ్చి పడుకుంటామంటే ఎక్కడ సరిపోతుంది."

పందొమ్మిదేళ్ల కిందట ఆమె సోల్డరింగ్ బల్ల దగ్గర పనికి చేరింది. ఎనిమిదేళ్లు వెంట్రుకంత తీగలు అతికించింది. అప్పట్లో ఈ ఆపరేటింగ్ సిస్టం పని చేసే ఇంజనీరు ఒకాయన ఉండేవాడు. ఒకరోజు భోజనానికని మెట్లు దిగి, మళ్లీ ఎక్కలేదు. ఇంకెక్కడో ఉద్యోగం దొరికిందట. బల్ల మీద ఒక కాగితం మాత్రం మిగిలింది. కొత్త మనిషి దొరికేదాకా ఆ కాగితం చూసి కార్డులు ఎక్కించమని సారు ఈమెను కూర్చోబెట్టాడు. సారు అంటే మా యజమాని. కొత్త మనిషి దొరకలేదు. ఈమె ఆ కుర్చీలోంచి లేవలేదు.

మొదటి ఏడాది ఆమె చేసిన పొరపాటు ఇప్పటికీ టీ వేళ చెప్పుకుంటాం. జాబితాలో ఒక చిన్న ప్యాకేజీ ఎందుకుందో ఎవరికీ తెలియలేదు. అడిగితే అందరూ తలలూపారు, ఎవరూ జవాబు చెప్పలేదు. చోటు కలిసొస్తుందని తీసేసింది. అది గడియారం చిప్పు డ్రైవరు. పెట్టె ఆపి మళ్లీ వేసిన ప్రతిసారీ దానికి తేదీ పంతొమ్మిది వందల డెబ్బై, జనవరి ఒకటి. ఒక బడిలో రెండు వందల మంది పిల్లలకు, వాళ్ల అమ్మానాన్నలు కూడా పుట్టని రోజున చెవుల పరీక్ష జరిగినట్టు కాగితాలు వచ్చాయి. సారుకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆ మర్నాడే ఆమె ఒక పొడుగు పుస్తకం కొనుక్కొచ్చింది. గీతలు గీసి గళ్లు చేసింది. ప్యాకేజీ పేరు ఒక గడి, అది ఏ వస్తువు కోసమో ఒక గడి, ఆ వస్తువు చిప్పు మీద చెక్కిన నంబరు ఒక గడి, ఎందుకు పెట్టామో ఒక గడి. చివరి గడికి పైన "చూశాను" అని రాసింది. ఆ గడిలో టిక్కు, పక్కన తేదీ. తయారుచేసేవాళ్లు చెప్పాపెట్టకుండా చిప్పులు మార్చేస్తుంటారట. అట్టపెట్టె మీద అదే పేరు ఉంటుంది, లోపల చిప్పు వేరేది ఉంటుంది, పాత డ్రైవరు దాన్ని గుర్తుపట్టదు. అందుకని కొత్త సరుకు వచ్చినప్పుడల్లా పుస్తకం నా బల్ల దగ్గరికి వస్తుంది. పిడికి నల్ల టేపు చుట్టిన భూతద్దంతో ఆమె చిప్పు నంబరు చదువుతుంది, రాస్తుంది, టిక్కు పెడుతుంది. ఆ టిక్కు పడందే స్టోరులోంచి సరుకు బయటికి కదలకూడదు. సారు పెట్టిన నియమం అది. నాకు మాత్రం అది పెద్ద చాదస్తంగా కనబడేది. చూసిందే చూడటం, రాసిందే రాయడం. పదకొండేళ్లుగా ఆ పుస్తకంలో టిక్కు తప్పిన వరుస ఒక్కటి లేదు, అది కూడా చెప్పాలి.

ఈ ఏడాది తమ బడుల కోసం ఒకేసారి అరవై పెట్టెలు కావాలని కొందరు వచ్చారు. అంత పెద్ద పని మాకు ఎప్పుడూ రాలేదు. శబ్దం బోర్డులు స్టోరులో నలభై ఉన్నాయి, ఇంకో ఇరవై నాలుగు తెప్పించాను. అట్టపెట్టె మీద అదే నంబరు. పాత డబ్బాలోనే కొత్తవి కూడా పోసి, చక్కగా కలిపి, ఖాళీ డబ్బా కడిగి బోర్లించాను. ఆ రోజు నాకు ఎంత తృప్తిగా ఉందో. తర్వాత బోర్డులన్నీ సోల్డరింగ్ బల్లకు వెళ్లాయి. పక్క తీగల గురగుర వినబడకుండా చిప్పు మీద రేకు మూత అతికిస్తారు. మూత పడ్డాక లోపల ఏముందో కనబడదు. చూడాలంటే మూత కోయాలి, కోస్తే బోర్డు పనికిరాదు.

పెట్టెలు బిగించడం అయ్యాక మొదటి తికమక మా పరీక్ష చేసే అమ్మాయితో మొదలైంది. ఆమెను చెవులమ్మాయి అంటాం. రోజంతా హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కూత వినబడినప్పుడల్లా వేలు ఎత్తడం ఆమె పని. ఆ బుధవారం మూడో పెట్టె దగ్గర వేలు ఎత్తకుండా పది నిమిషాలు కూర్చుంది.

"నాకు జలుబు చేసింది," అంది చివరికి. "చెవులు మూసుకుపోయినట్టున్నాయి."

నాలుగో పెట్టె దగ్గర చెవులు తెరుచుకున్నాయి. అయిదో దగ్గర తెరుచుకునే ఉన్నాయి. ఆరో దగ్గర మళ్లీ మూసుకుపోయాయి. సాయంత్రానికి ఆ పిల్ల చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లొస్తానని సెలవు అడిగింది. అప్పుడు గాని పెట్టెల్లోనే ఏదో తేడా ఉందన్న అనుమానం ఎవరికీ రాలేదు. లెక్కపెడితే అరవైలో ఇరవై రెండు మూగవి. మిగతా ముప్పై ఎనిమిదీ హాయిగా కూస్తున్నాయి.

చూపించక్క వచ్చింది. మంచి పెట్టెలోని కార్డు తీసి మూగ పెట్టెలో పెట్టింది. మూగగానే ఉంది. మూగ పెట్టెలోని కార్డు తీసి మంచిదాంట్లో పెట్టింది. కూసింది.

"కార్డులో ఏ తప్పూ లేదు," అంది.

ఎప్పుడూ మీటరు పట్టుకుని తిరిగే, మేమంతా మీటరు బాబాయి అని పిలిచే పెద్దాయన వచ్చి మూగ పెట్టెల్లో కరెంటు కొలిచాడు. అన్నిచోట్లా ఎంత ఉండాలో అంతే ఉంది. "బోర్డులో ఏ తప్పూ లేదు," అన్నాడు.

కార్డు బాగుంది, బోర్డు బాగుంది, పెట్టె మాత్రం పలకదు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను సగం తలుపు మీద మోచేతులు ఆనించి ఈ వేడుక చూస్తున్నాను. నిజం చెప్పాలంటే కాస్త సరదాగానే ఉంది.

సరదా రెండు రోజుల్లో తీరిపోయింది. పెట్టె లేచేటప్పుడు లోపల జరిగేదంతా వరుసగా రాసుకుంటుందట. ఆ రాతలో మూగ పెట్టెలన్నీ ఒకటే మాట చెబుతున్నాయి, శబ్దపు పరికరం కనబడలేదని. బోర్డు అక్కడే ఉంది, తీగ తగిలించే ఉంది, కరెంటు పారుతోంది, అయినా కనబడలేదంటుంది. ఆమె డ్రైవరు ముందు లేవాలా వెనక లేవాలా అని వరుస మార్చి చూసింది. పాత రకం ప్యాకేజీ పెట్టి చూసింది, కొత్త రకం పెట్టి చూసింది. కొత్తది పెడితే దాని వెంట చుట్టాలు వచ్చి చోటు చాలక స్క్రీన్ తెల్లబోయింది. అది సరిచేస్తే ప్రింటరు తనంతట తాను కాగితం కక్కడం మొదలుపెట్టింది. శనివారం ఒక మూగ పెట్టె ఉన్నట్టుండి కూసింది. అందరం పరుగెత్తుకొచ్చాం. తీరా చూస్తే చెవులమ్మాయి బల్ల తుడవడానికి పెట్టెలు జరిపి, మంచిదాన్ని మూగదాని చోట పెట్టింది. చూపించక్క రెండిటినీ మళ్లీ వాటి చోట్లలో పెట్టింది. ఆ పిల్లే ఏడ్చింది.

ఆమె బల్ల ఎప్పుడూ తుడిచిన పలకలా ఉండేది. ఇప్పుడు సబ్బుపెట్టె మూతలో కార్డులు గుట్టగా పడి ఉన్నాయి. వాటి మీద చీటీలు, చీటీల మీద కొట్టివేతలు. ఏది ఏ రోజుదో ఆమెకే తెలియడం లేదు. టీ తెచ్చి పక్కన పెడితే చల్లారిపోయేది. "ఏమైనా తెలిసిందా అక్కా?" అంటే, "తెలిసినవి కూడా తెలియకుండా పోతున్నాయి అన్నయ్యా," అనేది.

సోమవారం సారు అందరి ముందూ చెప్పాడు. శుక్రవారం పెట్టెలు చూసుకోవడానికి బడులవాళ్లు వస్తున్నారు. అప్పటికి అరవై పెట్టెలూ పలకాలి. లేకపోతే ఈ సాఫ్ట్‌వేర్ పని మొత్తం బయటి ఆఫీసు ఒకదానికి ఇచ్చేస్తాడు. "మీకేం ఇబ్బంది లేదమ్మా," అని ఆమె వైపు తిరిగి మెత్తగానే అన్నాడు. "మీ పాత సోల్డరింగ్ బల్ల ఉండనే ఉంది."

ఆమె తలూపింది. మధ్యాహ్నం స్టోరుకు వచ్చి, ఏమీ అడగకుండా బల్లకు ఆనుకుని నిలబడింది.

"సోల్డరింగ్ నావల్ల కాదు అన్నయ్యా," అంది. "సూది మొన రెండుగా కనబడుతోంది. ఏడాది అయింది. ఎవరికీ చెప్పలేదు. ఆ బల్ల దగ్గర నాలుగు రోజులు కూర్చుంటే వాళ్లకే తెలిసిపోతుంది. తర్వాత ఇంటికే."

ఆమె ఇల్లు నాకు తెలుసు. తాళంచెవులు చేసే భర్త, డిగ్రీ రెండో ఏడు చదివే కూతురు, ఈ మధ్యే మారిన రెండు గదుల వాటా. ఉద్యోగం పోతే రోడ్డున పడిపోయే మనుషులు కాదు. కానీ ఆ కుర్చీ లేకపోతే ఆమె ఏమవుతుందో నాకు ఊహకందలేదు. ఆ కుర్చీలో కూర్చుని చదువుకోని చదువంతా చదువుకున్న మనిషి. కొత్తగా వచ్చిన స్క్రూల పొట్లం విప్పి లెక్కపెడుతూ కూర్చున్నాను.

బుధవారం ఆమె పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చింది. నా బల్ల మీద తెరిచి, ఒక వరుస మీద వేలు పెట్టింది. శబ్దం బోర్డు. చిప్పు నంబరు. చూశాను, టిక్కు, తేదీ.

"ఇరవై నాలుగు బోర్డులు వచ్చిన రోజు అన్నయ్యా. నేను ఇల్లు మారుతున్నాను కదా, మూడు రోజులు సెలవు. ఈ తేదీన మధ్యాహ్నం ఒక్క గంట వచ్చి వెళ్లాను. బుర్రనిండా సామాన్లే. బోర్డు చేతిలోకి తీసుకున్నట్టు ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. కానీ టిక్కు ఉంది. పెట్టానంటే చూసే ఉంటాను కదా?"

నేను ఆ టిక్కు మీంచి చూపు తిప్పేసుకున్నాను.

మిగతా సగం పాపం వంతు వచ్చింది, చెబుతాను. ఆ టిక్కు ఆమెది కాదు, నాది. ఆ రోజు పొద్దున సోల్డరింగ్ బల్లవాళ్లు బోర్డుల కోసం కాలుకాలిన పిల్లుల్లా నా తలుపు దగ్గర తిరుగుతున్నారు. టిక్కు పడందే ఇవ్వను, ఆమె సెలవులో ఉంది. సారు పై మెట్టు మీంచి ఇంకా ఎంతసేపని అరుస్తున్నాడు. సెలవుకు ముందు ఆమె వదిలి వెళ్లిన పుస్తకం నా బల్ల మీదే ఉంది. అట్టపెట్టె మీద నంబరు చూశాను, అదే నంబరు. పై వరుసలో ఉన్న చిప్పు నంబరు చూసి కింద దించేశాను. సరుకు చీటీల మీద రోజుకు వంద టిక్కులు పెట్టే చెయ్యి, ఇంకొకటి పెట్టేసింది. ఇల్లు మారే హడావిడిలో ఉన్న మనిషికి ఒక పని తగ్గించానని కూడా అనుకున్నాను. మధ్యాహ్నం ఆమె వచ్చేసరికి బోర్డులు బల్లకు వెళ్లిపోయాయి. ఆ మాట చెప్పాలని కూడా నాకు తోచలేదు.

ఈ వారం రోజుల్లో ఆ టిక్కు సంగతి నేను మరిచిపోలేదు. దానికీ ఈ మూగతనానికీ సంబంధం ఉంటుందని తట్టలేదు, అంతే. ఆమె బాధ కార్డులది, ప్యాకేజీలది, ఏదో కంటికి కనబడని లోకానిది అనుకున్నాను. నా లోకం డబ్బాలది. రెండూ ఒకటేనని ఆమె వేలు ఆ వరుస మీద ఆనినప్పుడు తెలిసింది.

"చూసే ఉంటాను కదా అన్నయ్యా?" అని మళ్లీ అడిగింది.

"మీ పుస్తకమే కదా అక్కా," అన్నాను.

అబద్ధం చెప్పలేదని అప్పుడు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అంతకంటే పెద్ద అబద్ధం నా జన్మలో చెప్పలేదని ఇప్పుడు అనిపిస్తుంది. ఆమె చాలాసేపు ఆ టిక్కునే చూసింది. పుస్తకం కళ్లకు దగ్గరగా తెచ్చుకుంది, దూరంగా పెట్టుకుంది. "చూసి కూడా గుర్తుపట్టలేదేమో," అంది తనలో తాను. పుస్తకం మూసుకుని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం తేలు కుట్టిన దొంగలా ఇంటికి వెళ్లాను. మా ఆవిడ బట్టలు మడతపెడుతోంది. జరిగిందంతా చెప్పాను. చెబితే బరువు దిగుతుందనుకున్నాను.

"ఆవిడకి చెప్పారా?" అంది.

"లేదు."

"మరి నాకెందుకు చెబుతున్నారు," అని మడతలు పెట్టుకుంటూ పోయింది.

గురువారం పొద్దున నేను మెట్లెక్కేసరికి చూపించక్క సారు గదిలో ఉంది. తలుపు ఓరగా తెరిచి ఉంది. పుస్తకం సారు బల్ల మీద ఉంది. ఆమె నిలబడే మాట్లాడుతోంది.

"మూగ పెట్టెలో ఒక మూత కోయిస్తాను సార్. లోపల వేరే చిప్పు ఉంటుందని నా అనుమానం. ఉంటే దాని డ్రైవరు వెతికి పెట్టడం పెద్ద పని కాదు, రేపటికి అవుతుంది. కానీ అది ఉందంటే నేను భూతద్దం పెట్టి చూసి కూడా తప్పు చదివానన్నమాట. నా కళ్లు బాగా లేవు, మీకు చెప్పలేదు. చూసినట్టు గుర్తు కూడా లేదు. ఈ ఒక్క టిక్కు తప్పయితే పదకొండేళ్ల టిక్కులన్నీ అనుమానించాలి. ఈ పని అయ్యాక బయటివాళ్లకే ఇచ్చేయండి సార్."

సారు ఏదో అనబోయాడు. నేను తలుపు తోసుకుని లోపలికి వెళ్లాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక పుస్తకం తెరిచి ఆ వరుస వెతికాను. తోక కాస్త పొడుగ్గా సాగిన టిక్కు. దాని పక్కనే బల్ల మీదున్న నా సరుకు చీటీ ఒకటి పెట్టాను. దాని మీదా అదే తోక.

"ఇది అక్క పెట్టింది కాదు," అన్నాను. "నేను పెట్టాను. చిప్పు చూడలేదు. అట్ట మీద నంబరు చూసి పెట్టేశాను. నిన్న అక్క అడిగినప్పుడు కూడా చెప్పలేదు."

కింద టైరులోకి గాలి ఎక్కిస్తున్న చప్పుడు రెండు అద్దాలు దాటి వినబడింది. సారు తిడతాడని తల దించుకున్నాను. ఆమె తిడుతుందని ఇంకా భయపడ్డాను.

"అంటే నేను చూడలేదన్నమాట," అంది ఆమె.

"చూడలేదు."

"అసలు చూడనే లేదు."

"బోర్డు మీ చేతికి కూడా రాలేదు అక్కా."

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి, మొహం మాత్రం తేటపడింది. కొంగుతో తుడుచుకుని లేచి, నా వైపు చూడకుండానే మీటరు బాబాయిని పిలిచి కోతమిషన్ తెమ్మంది. మూత కోశారు. పాత చిప్పు నంబరు చివర ఆరు. దీని చివర ఎనిమిది. అంతే తేడా. ఇరవై రెండు పెట్టెలు, తొమ్మిది రోజులు, చెవులమ్మాయి ఏడుపు, అంతా ఆ ఒక్క అంకె.

రెండో చిప్పు డ్రైవరు ప్యాకేజీ జాబితాలోనే ఉంది. దాన్ని కూడా పెడితే చోటు చాలలేదు. ఆమె పుస్తకం వెనక్కి తిప్పుకుంటూ వెళ్లి, ఎందుకు పెట్టామో రాసిన గడులు ఒక్కొక్కటే చదివింది. ఆరేళ్ల కిందట మానేసిన ప్రింటరు డ్రైవరు ఒకటి ఇంకా ఇంట్లోనే కూర్చుని ఉంది. దాన్ని సాగనంపింది. రెండు శబ్దం డ్రైవర్లూ పక్కపక్కన ఉంటే ఏ బోర్డు ఎవరిదో అవే చూసుకుంటాయట. సాయంత్రం నాలుగింటికి మొదటి మూగ పెట్టె కూసింది. ఈసారి ఎవరూ పరుగెత్తలేదు. చెవులమ్మాయి ముందు బల్ల కింద చూసుకుని, పెట్టె నంబరు చూసుకుని, అప్పుడు వేలు ఎత్తింది.

సారు నాకు వేసిన శిక్ష ఒకటే. అరవై పెట్టెలూ నేనే మళ్లీ విని సంతకం పెట్టాలి. శుక్రవారం బడులవాళ్లు వచ్చేదాకా హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాను. అన్నిటికంటే సన్నటి కూత నా ఎడమ చెవికి ఏ పెట్టెలోనూ వినబడలేదు. మొదట ఇంకో చిప్పు మారిందేమోనని హడలిపోయాను. చెవులమ్మాయి విని, పెట్టెలు బాగానే ఉన్నాయని చెప్పింది.

బడులవాళ్లు పెట్టెలు తీసుకున్నారు. బయటి ఆఫీసు మాట సారు మళ్లీ ఎత్తలేదు. చూపించక్క మాత్రం నాతో మూడు వారాలు మాట్లాడలేదు. సరుకు వస్తే పుస్తకం తెచ్చేది, చూసేది, రాసేది, వెళ్లేది. "చూపించండి" అన్న మాట కూడా లేదు, చెయ్యి చాపేది. ఆ మాట కోసం చెవి కోసుకుంటానని నేను ఎన్నడూ అనుకోలేదు. టిక్కు పెట్టినందుకు ఆమెకు అంత కోపం లేదని నాకు తెలుసు. నన్ను నమ్మి అడిగితే మీ పుస్తకమే కదా అన్నానే, దానికి.

నెల తర్వాత కొత్త శబ్దం బోర్డులు వచ్చాయి. ఆమె పుస్తకంతో వచ్చింది. అట్టపెట్టె విప్పి ఒక బోర్డు తీసి బల్ల మీద పెట్టాను. పాతవాటి డబ్బా పక్కన కొత్త డబ్బా విడిగా ఉంచాను. రెండు డబ్బాలు, ఒకే నంబరు, నాకు అన్నం సహిస్తూనే ఉంది. ఆమె భూతద్దం పెట్టి చూసింది. బోర్డును వెలుగు వైపు తిప్పింది. మళ్లీ చూసింది. చాలాసేపటికి భూతద్దం నా ముందుకు జరిపింది.

"చివరిది ఆరో ఎనిమిదో తెలియడం లేదు," అంది. "మీరు చదవండి అన్నయ్యా. నేను రాసుకుంటాను."

ఆ రోజు సారు గదిలో కళ్లు బాగా లేవని ఆమె అన్నది నిజమే. నేను తప్పు ఒప్పుకున్నంత మాత్రాన ఆ చూపు తిరిగి రాదు. పుస్తకం వైపు చూశాను. చూశాను అన్న గడి పక్కన పైనుంచి కిందికి స్కేలుతో కొత్త గీత ఒకటి గీసి ఉంది. కొత్త గడికి పైన "ఎవరు చూశారు" అని రాసి ఉంది. నెల రోజులుగా అన్ని వరుసల్లో "నేను" అనే ఉంది. ఈ వరుసలో మాత్రం నంబరు రాయకముందే "స్టోరు అన్నయ్య" అని రాసి, కలం పట్టుకుని ఎదురుచూస్తోంది.

నేను భూతద్దం తుడుచుకుని, ఆ అంకెను నాలుగుసార్లు చదివి, అప్పుడు పైకి చెప్పాను.